పిడి తీసిన లివరు

ఆ ఎండాకాలం నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, చూస్తూ కూర్చోవడం అని చెప్పాలి. మంజీరలో పూడిక తీసే పడవ మీద అద్దాల గదిలో ఒక తెర ముందు కూర్చునేదాన్ని. కట్టరు ఎంత లోతున ఉంది, పంపు ఎంత గుంజుతోంది, పడవ ఎడమకు జరుగుతోందా కుడికా, అన్నీ అంకెల్లో కనిపించేవి. నేను చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. పనంతా అదే చేసుకునేది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఆ పనిని చేతులతో చేసిన మనిషి నా పక్కనే స్టూలు మీద కూర్చుని నన్ను చూస్తూ ఉండేవాడు. ఆయన మా నాన్న మంగ్యా.

బీర్కూర్ దగ్గర ఎత్తిపోతల పంపుల ముందు మంజీర పూడిపోయింది. నిలువు లోతు ఉండాల్సిన చోట బర్రెలు నడిచి దాటుతున్నాయి. వానలు పడేలోగా పూడిక తీస్తామని ఒక కంపెనీ పని పట్టింది. పడవ ముక్కలు ముక్కలుగా లారీల మీద వచ్చింది, హోలీకి వారం ముందు నీళ్ళలోకి దిగింది. నాన్న, ఆయన తమ్ముడు భద్రు కాకా అప్పటిదాకా ఎక్కడెక్కడి ఓడరేవుల్లోనో ఇలాంటి పడవల మీద పనిచేసి ఏడాదికి రెండుసార్లు తండాకు వచ్చేవాళ్ళు. ఇంటికి నాలుగు కిలోమీటర్లలో పని దొరకడం అదే మొదటిసారి. డిప్లొమా చదివి బాన్సువాడలో సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుంటున్న నన్నూ అదే పడవ మీద పెట్టుకున్నారు. పొద్దున్నే ముగ్గురం ఒకే మోటారు సైకిలు మీద బయలుదేరుతుంటే, పోలీసులు పట్టుకుంటే నన్ను పిలవకండని గంగుబాయి కాకి గుమ్మంలో నిలబడి నవ్వేది. ఆమె భద్రు కాకా భార్య. పినతల్లిని మా లంబాడీ బోలీలో కాకి అంటాం. బళ్ళో తెలుగు పిల్లలు ఈ మాటకు నన్ను ఎంత ఏడిపించారో చెప్పలేను. మా అమ్మ నా ఏడో ఏట పోయింది. నన్ను పెంచింది కాకే. మేం ఇంట్లో మాట్లాడుకునేది మా బోలీ, ఇక్కడ మీకోసం తెలుగులో చెబుతున్నాను.

పడవ సంగతి కొంచెం చెప్పాలి. దాని ముందు పొడుగాటి చెయ్యి లాంటిది నీళ్ళలోకి దిగి ఉంటుంది, చివర పళ్ళ చక్రం, అదే కట్టరు. అది బురద తవ్వితే పంపు పీల్చుకుని పైపుల్లోంచి గట్టు అవతల కక్కుతుంది. పడవకు రెండు పక్కలా రెండు ఇనుప తాళ్ళు, వాటి చివర ఏటి అడుగున రెండు లంగర్లు. తాళ్ళను చుట్టే యంత్రాన్ని వించి అంటారు, అది ఏ పక్క తాడును చుట్టుకుంటే పడవ ఆ పక్కకు జరుగుతుంది. గుంజకు కట్టిన ఎద్దు మేసినట్టు అటూ ఇటూ తిరుగుతూ తవ్వుకుంటుంది. అందినంత మేర తవ్వడం అయ్యాక లంగర్లు ఎత్తి ముందుకు వేయాలి. అది భద్రు కాకా పని. చిన్న పడవలో వెళ్ళి, వదులుగా ఉన్న తాడును చేత్తో పట్టుకుని, లంగరు ఎత్తి కొత్త చోట వదిలి వస్తాడు. ఆ కాసేపట్లో వించి తిరిగిందంటే తాడు ఒక్కసారిగా బిగుస్తుంది. దాని దారిలో ఉన్న మనిషి మిగలడు.

అందుకని అన్నదమ్ములిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. వించి లివరు గది బయట పడవ అంచు దగ్గర ఉంటుంది, దాని పైన చెక్క పిడి. కాకా చిన్న పడవ ఎక్కే ముందు నాన్న ఆ పిడిని మర తిప్పి ఊడదీసి కాకా చేతికిచ్చేవాడు. కాకా దాన్ని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళేవాడు. పిడి లేని లివరు ఉత్త ఇనుప చువ్వ, పట్టుకుంటే అరచెయ్యి తెగుతుంది. ఎవరూ పొరపాటున కూడా లాగరు. కాకా తిరిగొచ్చి పిడి ఇస్తేనే వించి కదిలేది.

"నా పానం నా జేబులనే ఉంటది బిడ్డా" అనేవాడు కాకా. "మీ బా మతిమరుపు మీద నాకు మస్తు నమ్మకం, గందుకే."

బా అంటే మా బోలీలో నాన్న. ఆయన వినిపించుకోనట్టు బీడీ వెలిగించుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు.

మొదటి పది రోజులు నాన్నే నడిపాడు. పదకొండో రోజు సైటు ఇంజనీరు శివప్రసాద్ సార్ కంప్యూటరు బిగించడం పూర్తి చేసి, నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొన్నవాళ్ళు. ఆయన పుట్టింది ఇక్కడే అయినా ఇంటి మాట మారలేదు. చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

"మంగ్యా, నీ పని తేలికైపోయింది" అన్నాడు సార్. "ఇక ఇదే చూసుకుంటుంది. బాగా గట్టి మన్ను తగిలితే మాత్రం నువ్వు చేతిలోకి తీసుకో."

"గట్టిమన్ను వస్తున్నదని దానికి ఎట్ల ఎర్కయితది సారూ?"

"నీకంటే ముందే తెలుస్తుంది."

నాన్న చెప్పులు విడిచి ఇనుప నేల మీద పాదాలు ఆనించాడు. కాసేపు అలాగే ఉండి, "ఇగో, ఇప్పుడు తగులుతది" అన్నాడు. నేను తెర చూశాను. ఏమీ లేదు. ఇరవై లెక్కపెట్టేసరికి అంకె ఒక్కసారిగా పైకి లేచింది. సార్ నవ్వి, సరే ఈసారికి నువ్వే గెలిచావన్నాడు. కానీ సాయంత్రానికి చూస్తే కంప్యూటరు తవ్వింది నాన్న తవ్వినదానికి ఒకటిన్నర రెట్లు. అది అన్నం తినదు, బీడీ తాగదు, ఎండకు కళ్ళు మూసుకోదు. నాన్న గొడవపడలేదు. నాలుగు రోజుల్లో ఆయన కుర్చీ నాదైంది, నాన్నకు స్టూలు వచ్చింది.

కంప్యూటరుకు ఒక్కటే బాధ, నీళ్ళ మీద తేలివచ్చే గుర్రపుడెక్క. అది వచ్చి పీల్చే మూతికి అడ్డం పడితే పడవ దానంతట అదే ఆగి, నీళ్ళు వెనక్కి తోసి శుభ్రం చేసుకుని, 'మళ్ళీ మొదలుపెట్టాలా?' అని తెర మీద అడిగేది. నేను నొక్కాలి. రోజుకు యాభై అరవై సార్లు నొక్కేదాన్ని. ఉగాది వెళ్ళేసరికి పని వెనకబడింది. శివప్రసాద్ సార్ పైవాళ్ళతో ఫోనులో తిట్లు తిని వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఇది ప్రతిసారీ నిన్ను అడగడం దేనికి? ఆ ప్రశ్న తీసేద్దాం. శుభ్రం అవగానే అదే మొదలుపెట్టుకుంటుంది."

నా పేరు మీద తెరిచిన పేజీలో ఒక చిన్న గడి చూపించాడు. అందులో టిక్కు పెట్టాను.

"లంగరు మార్చేటప్పుడు మాత్రం నువ్వు పాజ్ నొక్కాలి. మర్చిపోకు" అన్నాడు.

అప్పటికే నాకు తెలుసు, కంప్యూటరు నడుపుతున్నప్పుడు లివరుకూ వించికీ సంబంధం లేదని. పిడి ఉన్నా ఒకటే, ఊడదీసినా ఒకటే. ఆ రోజు మధ్యాహ్నం కాకా లంగరు మార్చడానికి లేచాడు. నేను పాజ్ నొక్కాను. వించి ఆగింది. నాన్న లివరు దగ్గర పిడి విప్పుతూ నా వైపు తిరిగాడు. కాకా చిన్న పడవలో నిలబడి చెయ్యి చాపి ఉన్నాడు.

"బిడ్డా, గీ కంప్యూటరు నడుస్తున్నప్పుడు గూడ పిడి తీస్తే వించి ఆగుతది గదా?"

"ఆగుతది బా" అన్నాను. 

ఆ మాట ఎందుకన్నానో చాలాసార్లు తవ్వి చూసుకున్నాను. ఆ పడవ మీద నాన్నకు తనదంటూ మిగిలిన పని ఆ పిడి విప్పడం ఒక్కటే. అది ఉత్త చెక్క అని నా నోటితో చెప్పాలనిపించలేదు. దాన్ని జాలి అనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే అందులో గర్వం కూడా ఉంది. కాకాను కాపాడుతున్నది వాళ్ళ పిడి కాదు, నా వేలు. ఆ సంగతి నాకు ఒక్కదానికే తెలుసు. రోజుకు మూడుసార్లు కాకా లేచేవాడు, మూడుసార్లు నేను పాజ్ నొక్కేదాన్ని, వాళ్ళు పిడి ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. లోపల నవ్వుకునేదాన్ని కూడా.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు అందరం గట్టు మీద పరదా నీడలో అన్నం తింటున్నాం. పడవ మీద మనిషి లేడు. గుర్రపుడెక్క అడ్డం పడినట్టుంది, మోత ఆగిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైతే కొంగలు దిగి పడవ అంచు మీద వాలాయి. కాసేపటికి నీళ్ళలో పడి ఉన్న ఎడమ తాడు నీళ్ళు కారుస్తూ మెల్లగా పైకి లేచి బిగుసుకుంది. కొంగలు ఎగిరిపోయాయి. పడవ కదిలింది.

కాకా నములుతున్నవాడు ఆగాడు.

"అన్నా, పడవ మీద ఎవలున్నరే?"

"ఎవ్వరు లేరు కాకా" అన్నాను. "అదే మొదలైతది. మనిషి ఉండే పని లేదు."

"గిదేందే, దయ్యం పట్టినట్టు" అని నవ్వబోయాడు కాకా, కానీ నవ్వు రాలేదు.

నాన్న చాలాసేపు పడవనే చూశాడు. తర్వాత తల ఊపి, "లివరుకు పిడి ఉన్నది గదరా, గందుకే నడిచింది" అన్నాడు. "పిడి తీస్తే ఎందుకు నడుస్తది?"

కాకాకు ఆ మాట చాలు. మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. నిజం నా నోటిదాకా వచ్చింది. పక్కనే పైపుల కూలీలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నాన్నను తెలివితక్కువవాణ్ణి చేయడం ఎందుకని, సాయంత్రం ఇంటి దగ్గర చెబుదామనుకున్నాను. సాయంత్రం చెప్పలేదు. మర్నాడు మాత్రం శివప్రసాద్ సార్‌ను అడిగాను, పిడి తీస్తే ఆగిపోయేలా లివరుకు ఒక స్విచ్ పెట్టవచ్చా అని. పెట్టవచ్చు, పెద్ద పనేం కాదు, ఈ సీజను అయ్యాక చూద్దామన్నాడు. సరే అన్నాను. అప్పటి నుంచీ పాజ్ నొక్కాక తెర మీంచి కళ్ళు తీసేదాన్ని కాదు. నొక్కానో లేదో మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. కలలో కూడా నొక్కేదాన్ని.

రోహిణి కార్తె వచ్చింది. ఇనుము ముట్టుకుంటే కాలేది. ఒక రోజు పొద్దున పదకొండు గంటలకు పని చూడటానికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. శివప్రసాద్ సార్ వాళ్ళను అద్దాల గదిలోకి తీసుకొచ్చి, మా రేఖ ఇక్కడి తండా అమ్మాయే సార్, మొత్తం తనే చూస్తుంది అన్నాడు. నేను లేచి నిలబడి ఒక్కొక్క అంకె వివరించాను. వాళ్ళలో పెద్దాయన అన్నీ ఓపికగా విన్నాడు. నా మాటలు అంత శ్రద్ధగా విన్న ఆఫీసరు అంతకుముందు ఎవరూ లేరు.

మధ్యలో మోత ఆగింది. గుర్రపుడెక్క.

"ఏమైంది, పాడైందా?" అని అడిగాడు పెద్దాయన.

"లేదు సార్. అడ్డం పడితే అదే ఆగిపోతుంది. అదే శుభ్రం చేసుకుని అదే మొదలుపెడుతుంది. మేం చెయ్యి పెట్టే పనే లేదు, చూడండి."

ముగ్గురూ తెర మీదికి వంగారు. పంపు అంకె పడిపోయి, నిలబడి, మెల్లగా పెరిగింది. ఎడమ వించి పక్కన పచ్చ దీపం వెలిగింది. మోత మొదలైంది.

"చూశారా సార్" అన్నాను.

రెండో ఆయన అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. "ఆ చిన్న పడవలో ఎవరమ్మా?" అని అడిగాడు.

అన్నిటినీ ఒకేసారి ఆపే ఎర్ర మీట కొట్టాను. పడవ పూర్తిగా ఆగడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఆ పడవ గురించి నాకు తెలిసిన అంకెలన్నిటిలో అదొక్కటే ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత తెలిసింది జరిగినదేమిటో. పాత పడవల మీద అడ్డం పడి మోత ఆగినప్పుడల్లా ఆ సందులో లంగరు మార్చేసుకోవడం అన్నదమ్ములకు అలవాటు, సమయం కలిసొస్తుందని. ఆ రోజూ మోత ఆగింది. గదిలో పెద్దవాళ్ళున్నారు, బిడ్డ వాళ్ళతో మాట్లాడుతోంది, పిలవడం మర్యాద కాదు. అయినా పిలిచే అవసరం ఏముంది? నాన్న పిడి విప్పి ఇచ్చాడు. కాకా జేబులో వేసుకుని వెళ్ళాడు.

తాడు నడుము మీద తగిలింది. బాన్సువాడ దవాఖాన చేరేసరికే ప్రాణం లేదు. నర్సు ఒక కవరులో కాకా వస్తువులు పెట్టి నాన్నకిచ్చింది: తంబాకు డబ్బీ, తాళంచెవి, చెక్క పిడి. నాన్న మెట్ల మీద కూర్చుని పిడిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"పిడి వాని దగ్గర్నే ఉన్నది బిడ్డా" అన్నాడు. "వాని దగ్గర్నే ఉన్నది. మరి ఎట్ల తిరిగింది?"

జవాబు నా దగ్గర ఉంది. ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను గానీ చెప్పలేదు.

కంపెనీ నుంచి విచారణకు వచ్చినవాళ్ళు గట్టు మీద రేకుల షెడ్డులో నాన్నను పిలిచి కూర్చోబెట్టారు. నేను బయట నిలబడ్డాను, నా వంతు కోసం. కంప్యూటరు నడుస్తున్నప్పుడు లివరు పనిచేయదనీ, పిడి తీసినా తీయకపోయినా ఒకటేననీ వాళ్ళే నాన్నకు చెప్పారు. 

"నీకు ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదా?" అని అడిగారు.

"చెప్పిన్రు సారూ" అన్నాడు నాన్న. "నా బిడ్డ చెప్పింది, పిలిచి పాజ్ నొక్కిపిచ్చుకోవాల్నని. నేనే మర్సిన."

సంతకం పెట్టి బయటికి వచ్చాడు. నా ముఖం చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. నా వంతు వచ్చినప్పుడు వాళ్ళు పెద్దగా ఏమీ అడగలేదు. నాన్న చెప్పిందే రాసి చూపించి, ఇంతేగా అన్నారు. ఇంతే అన్నాను.

మా తండాలో ఆడవాళ్ళు భర్త అన్నకు ఎదురుపడి మాట్లాడరు. కాకి ఇరవై ఏళ్ళలో నాన్నతో ఏ మాటైనా నా ద్వారానో తలుపు చాటు నుంచో చెప్పింది. దినాలు అయిన మర్నాడు ఆమె ముసుగు తీసేసి వచ్చి నాన్న ఎదురుగా నిలబడింది.

"ఇరవై రెండేండ్లు నీ ఎన్క తిరిగిండు" అంది. "నువ్వు మర్సినవ్. అన్నం తినుడు ఒక్కపూట మర్సినవా? బీడీ తాగుడు మర్సినవా? నా మొగున్నే మర్సినవ్."

నాన్న తల ఎత్తలేదు. ఆమె తట్టలో మన్ను తెచ్చుకుని నడిమి అరుగు మీద నడుమెత్తు గోడ తనే పెట్టుకుంది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలైనాయి. పొద్దున, సాయంత్రం గోడ అవతల నుంచి నన్ను పిలిచి కంచం పెట్టేది. "నువ్వు నా బిడ్డవు, నువ్వు తిను. గాయనకు మాత్రం నా చేతి మెతుకు పెట్టకు" అనేది. నేను అక్కడ తిని వచ్చి, ఇవతల నాన్నకు వండి పెట్టేదాన్ని. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఆయన ఏమీ అనేవాడు కాదు. నెల తిరగకుండానే ఆయన మెడ ఎముకలు తేలాయి. తండాలో ఎవరూ నాన్నను కూలికి పిలవడం లేదు. తమ్ముణ్ణి మర్చిపోయిన మనిషి పక్కన ఎవరు పనిచేస్తారు?

వానలు మొదలయ్యాయి. పడవను విప్పి లారీలకెక్కించారు. శివప్రసాద్ సార్ ఫోను చేశాడు. వేరే నదిలో పెద్ద పని ఉందట, నన్ను పర్మనెంటు చేస్తారట.

"సార్, ఆ టిక్కు పెట్టింది నేను" అన్నాను. "నాన్నకు నేను చెప్పలేదు. ఆగుతుందనే చెప్పాను."

 "పెట్టమన్నది నేను" అన్నాడాయన. "నాకూ పిల్లలున్నారు రేఖా. మీ నాన్న రాసిచ్చేశాడు. ఇప్పుడు నువ్వు మారిస్తే ఆయనది దొంగ సాక్ష్యం అవుతుంది. వదిలెయ్."

వదిలేయలేదు. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి కంపెనీకి పంపాను. ఇప్పటికీ జవాబు లేదు. ఉద్యోగానికి పోలేదు. కాగితానికి రాయడం తేలికే, దానికి ముఖం ఉండదు. గోడ అవతలి మనిషికి చెప్పడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది.

ఆ రోజు జల్లు పడుతోంది. నాన్న ఎక్కడో పక్కూళ్ళో నాట్లకు మడి దున్ని, మోకాళ్ళదాకా బురదతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాకి రొట్టెలు కాలుస్తూ నన్ను పిలిచింది. వెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాను. కంచంలో రొట్టె వేసింది. నేను ముట్టుకోలేదు.

"కాకీ, బా ఏం మర్సిపోలే" అన్నాను. "నేనే చెప్పలే. పిడి తీస్తే ఆగుతదా అని అడిగిండు. ఆగుతదన్న. ఆగదని నాకు తెల్సు."

ఆమె చెయ్యి రొట్టె మీద ఆగిపోయింది. రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. నేను టిక్కు సంగతి, ఆఫీసర్ల సంగతి, అన్నీ చెప్పాను.  నేను ఆపాక ఆమె ఒక్కటే అడిగింది.

"మీ బాకు ఎర్కనా?"

"ఎర్కనే."

"ఎప్పటి సంది?"

"విచారణ నాటి సంది."

ఆమె మాడిన రొట్టె తీసి పక్కన పెట్టి, ఇంకొకటి చేసింది. ఇంకొకటి. ఇంకొకటి. నా ముందున్న కంచాన్ని తీసుకుని, అందులో నాలుగు రొట్టెలు, పప్పు పెట్టి లేచింది. గోడ చుట్టూ తిరిగి వెళ్ళి నాన్న ముందు దాన్ని ఉంచింది.

"తిను బావా" అంది.

నాన్న కంచం వైపు చూశాడు, తర్వాత గోడ మీదుగా నా వైపు చూశాడు. చెప్పేశానని ఆయనకు అర్థమైంది. ఆయన కోపగించుకోలేదు. రొట్టె తుంచబోయి చేతకాక, కంచాన్ని ఒళ్ళోకి లాక్కుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాకి తిరిగి వచ్చింది. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. మిగిలిన పిండి మీద మూత పెట్టింది. నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను జల్లు ఆగేదాకా అక్కడే కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత వారంలో గోడ కూల్చేసింది. నాన్నకు రెండు పూటలా ఆమె చేతి అన్నమే. నాది మాత్రం నేను వండుకుంటున్నాను.